ఖాళీ కుర్చీలో మా డ్రైవర్

జగిత్యాల ఫంక్షన్ హాల్లో ఒక ఆటో డ్రైవర్ తాగి స్టేజి ఎక్కాడని, యోగా గురువుకు కప్పవలసిన శాలువా తను కప్పించుకున్నాడని, అసలు గురువు వచ్చేసరికి దొరికిపోయాడని కోరుట్లలో ఒక కథ నడుస్తూ ఉంటుంది. చెప్పేవాళ్ళు ఏటా కొంచెం కలుపుతారు. ఈ మధ్య విన్నదాంట్లో ఆయన మైకు కూడా ఎత్తుకుపోయాడు.

ఆయన తాగలేదు. తనంతట తాను ఎక్కనూ లేదు. ఎక్కించింది నేను. ఈ ఒక్క ముక్క ఆ రోజే ఆ హాల్లోనే చెప్పి ఉంటే ఇప్పుడు ఇంత రాయవలసిన పని ఉండేది కాదు.

మాది సన్మానాల కంపెనీ. శాలువా, జ్ఞాపిక, పూలదండ, స్టేజి వెనక ఫ్లెక్సీ, మైకులో చదివే పొగడ్త, అన్నీ మేమే తీసుకెళ్ళి, అయిపోయాక మిగిలినవి మేమే సర్దుకొచ్చేవాళ్ళం. కోరుట్లలో రెండు షట్టర్ల గది. మొత్తం నలుగురం: సేటు, ఇస్త్రీ చేసే అక్క, డ్రైవర్, నేను. ఎవరైనా దుకాణం అంటే సేటుకు కోపం వచ్చేది. "దుకాణమైతే పొద్దుగూకంగనే మూస్తరు. మనం మూస్తున్నమా? కంపెనీ అనుండ్రి" అనేవాడు.

శాలువాలు సిరిసిల్ల నుంచి కొత్తవి వచ్చేవి, ఊళ్ళ నుంచి పాతవి వచ్చేవి. పాతవంటే కప్పించుకున్నవాళ్ళు తిరిగి మాకే అమ్మేవి. ఒక రిటైర్డు పంతులుకు ఇంట్లో ఎన్ని శాలువాలని పడతాయి? నెల తిరక్కుండానే సంచీలో పెట్టుకుని మెల్లగా వచ్చేవాడు. అక్కది సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే కుటుంబం. శాలువాలతో చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడేది. "ఏమే, మళ్ళచ్చినవా? మొన్ననే కదనే కథలాపూర్ పంపిన" అంటూ మడత విప్పి ఇస్త్రీ పెట్టె తిప్పేది.

చిన్న కంపెనీలో పని చేస్తే ఏమొస్తుందని నన్ను చాలామంది అడిగారు. మా బావమరిది హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉంటాడు. వాడు చేసే పనేమిటో వాడికే సరిగా చెప్పరాదు. నాకు మాత్రం ఫ్లెక్సీ డిజైను చేయడం, పొగడ్తలు రాయడం, వాటిని మైకులో చదవడం, దండలకు నీళ్ళు చల్లడం అన్నీ వచ్చు. అవి కాక, నేను ఒకసారి విశ్రాంత తహసీల్దారును. ఇంకోసారి కవిని.

సంగతేమిటంటే, పిలిచిన అతిథుల్లో ఎవరో ఒకరు రారు. స్టేజి మీద కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఫోటో పాడవుతుంది, ఫోటో పాడయితే పిలిచినవాళ్ళు మళ్ళీ మా దగ్గరికి రారు. అందుకని సేటు ఒక పద్ధతి పెట్టాడు. ఎవరు రాకపోతే వాళ్ళ కుర్చీలో మాలో ఒకరం కూర్చోవాలి. సంస్థల వాళ్ళు సన్మానితుల్లో సగం మందిని ఎన్నడూ చూసి ఉండరు, పేర్లన్నీ ఫోన్లలోనే ఖాయమవుతాయి. కాబట్టి వాళ్ళకు కూడా చెప్పేవాళ్ళం కాదు. "అందరచ్చిండ్రా?" అని అడిగితే "అచ్చిండ్రు" అనేవాళ్ళం. అక్క ఒకసారి మహిళా నాయకురాలిగా కూర్చుని, పై నెల ఇంకో సభకు కూడా ఆహ్వానం తెచ్చుకుంది. సేటు ఒక సంతాప సభలో చనిపోయినాయన తమ్ముడి స్థానంలో కూర్చుని ఎవరూ ఆపలేనంత ఏడ్చాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ పూట అన్నం తినలేదు.

డ్రైవర్ ఒక్కడే ఎన్నడూ కూర్చోలేదు. "నేను బండి కాడ ఉంట" అనేవాడు. లావుపాటి మనిషి, నాకంటే చిన్నవాడు. కథలాపూర్ దిక్కు ఒక ఊళ్ళో ఇల్లరికం ఉండేవాడు. ఆ మామ ఆయన్ను ఎన్నడూ తిట్టింది లేదు. పలకరించిందీ లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే, అల్లుడు ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, కూతురి వైపు తిరిగి "మీ ఆయనకు చెప్పు" అనేవాడు. ఈ సంగతి డ్రైవర్ మాకు నవ్వుతూ చెప్పేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. ఒక్కసారి మాత్రం నవ్వకుండా అన్నాడు: "గా మనిషి నన్నొక్కసారి సక్కగ సూసి మాట్లాడితే సాలన్నా. ఇంకేం అద్దు."

ఆయన నాకేం చేశాడో కూడా చెప్పాలి. మా నాయనకు ఛాతీలో నొప్పి వచ్చిన మధ్యాహ్నం జగిత్యాల పోవడానికి ఒక్క బండీ దొరకలేదు. డ్రైవర్ మా ట్రాలీ ఆటోలో లోడుతో బయలుదేరబోతున్నాడు. నన్నేమీ అడగకుండా శాలువాల కట్టలు విప్పి ట్రాలీలో పరిచి, వాటి మీద నాయనను పడుకోబెట్టాడు. ఎండ తగలకుండా జరీ అంచు శాలువా ఒకటి పైన కప్పాడు. ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ అది చూసి, ఎవరో పెద్దమనిషి సన్మానం మధ్యలో పడిపోయాడనుకుని స్ట్రెచర్ తనే తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. నర్సు చేయి పట్టుకుని నాడి చూస్తూ, "పెద్దాయనా, దేనికి సన్మానం?" అని అడిగింది.

"రిటైర్ అయితున్నట్టున్న బిడ్డా" అన్నాడు మా నాయన.

రిటైర్ కాలేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆ రోజు శాలువాలు సభకు ఆలస్యంగా చేరాయి. పిలిచినవాళ్ళు డ్రైవర్‌ను నలుగురిలో నిలబెట్టి తిట్టారు. ఎందుకు ఆలస్యమైందో ఆయన చెప్పలేదు, టైరు పంక్చర్ అయిందన్నాడు.

ఇక జగిత్యాల సంగతి.

అది ఒక్క రోజులోనే చాలామందికి అవార్డులు ఇచ్చే సంస్థ. ఉత్తమ బోరుబావి, ఉత్తమ టెంటు హౌస్, ఉత్తమ తాతయ్య, ఇలా ఉండేవి వాళ్ళ అవార్డులు. ఆ ఏడాది ఇద్దరు తాతలు తమకే రావాలని గుమ్మం దగ్గరే గొడవ పడుతున్నారు. సేటు మెట్‌పల్లిలో వేరే సభకు వెళ్ళాడు. అక్క కోరుట్లలోనే ఉంది. పొగడ్తలు చదవడానికి నేను మైకు దగ్గర ఉండాలి. అన్నీ సర్ది చూస్తే, ఉత్తమ యోగాచార్యుడి కుర్చీ ఒక్కటి ఖాళీ. ఆయన ఫోన్ కలవడం లేదు.

నేను బయటికి వెళ్ళి డ్రైవర్‌ను పిలిచాను.

"తమ్మీ, గా చివరి కుర్చీల కూసో."

"నేనా? అద్దన్నా. నేను బండి కాడ ఉంట."

"ఎవలు లేరు. జెర సేపే. శాలువ గూడ పడ్తది."

"నా మొఖానికి శాలువెందుకన్నా?"

అప్పుడు నేను ఆ మాట అన్నాను. "మీ మామ మోటరు వైండింగ్‌కు జగిత్యాలచ్చిండంటివి గదా. ఫోన్ చేసి పిలువు. నీకు సన్మానమైతుంటే సూస్తడు."

డ్రైవర్ నా మొహం చూశాడు. "సూస్తడంటవా?"

"ఎందుకు సూడడు? గింత పెద్ద స్టేజి."

ఆయన నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. చొక్కా లోపలికి దోపుకున్నాడు. నా దువ్వెన అడిగి తీసుకున్నాడు. కాసేపట్లో మామ వచ్చాడు, బాగు చేయించిన బోరు మోటరును గోనెసంచీలో భుజాన మోసుకుని. రెండో వరుసలో కూర్చుని దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళు అది కూడా అవార్డుకు తెచ్చాడేమోనని వంగి చూశారు.

నేను మైకులో పేరు మింగేసి, మిగతాదంతా చదివాను. వేలమందికి ఆరోగ్యదానం చేసిన మహనీయుడన్నాను. తెల్లవారుజామునే లేచి సూర్యుడికంటే ముందు ప్రపంచాన్ని చూసే మనిషి అన్నాను. ఈ చివరిది నిజమే, బయటి కిరాయికి పాల లోడు దొరికిన రోజుల్లో ఆయన అట్లాగే లేచేవాడు. ముఖ్య అతిథి శాలువా కప్పాడు. మా డ్రైవర్ భుజాల మీద అది ఎంత బాగా కూర్చుందో నేను చెప్పలేను. మామ లేచి నిలబడి చూశాడు. ముందు వరుసవాళ్ళు అడ్డం వస్తున్నారని గోనెసంచీ మీద ఒక కాలు పెట్టి మరీ చూశాడు.

అక్కడితో అయిపోవలసింది. ముఖ్య అతిథికి నడుం నొప్పి ఉందట. "గురువుగారూ, ఒక్క ఆసనం చూపియ్యండి, మా అందరికీ పనికొస్తది" అన్నాడు.

డ్రైవర్ నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే కానియ్యమన్నాను. ఆయన శాలువా అంచు నడుముకు చుట్టుకుని, టైరు కింద జాకీ పెట్టేటప్పుడు ఎట్లా వంగుతాడో అట్లా వంగాడు. ఒక కాలు వెనక్కి, ఒక చేయి నేల మీద, తల పక్కకు తిప్పి కిందికి చూపు. అలాగే ఉండిపోయాడు.

"గిదేం ఆసనం గురువుగారూ?"

"గిది వెనుకటి ఆసనం సార్" అన్నాడు డ్రైవర్ అట్లా వంగే. "పేర్లు పెట్టక ముందుది."

చప్పట్లు మోగాయి. ఇద్దరు తాతల్లో ఒకాయన కొట్లాట ఆపి తనూ ప్రయత్నించాడు. ముఖ్య అతిథి స్టేజి మీదే వంగి చూసి, నొప్పి కొంచెం నయమనిపిస్తోందన్నాడు. మా డ్రైవర్ లేచి నిలబడి చెమట తుడుచుకుంటూ రెండో వరుస వైపు చూశాడు. మామ చప్పట్లు కొడుతున్నాడు. పక్కవాడితో ఏదో అంటున్నాడు కూడా. "మా అల్లుడు" అన్నట్టే పెదవులు కదిలాయని డ్రైవర్ తర్వాత ఎవరికో చెప్పాడట. నాకు ఆ మాట చెప్పలేదు. నాకు చెప్పడానికి మా మధ్య మాటలేవీ మిగలలేదు.

ఎందుకంటే అప్పుడే అసలు యోగాచార్యులు వచ్చారు. సన్నటి మనిషి, తెల్లబట్టలు, దుమ్ము. బస్సు చెడిపోయి ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చారట. నేరుగా స్టేజి ఎక్కి తన పేరు చెప్పారు. సంస్థ అధ్యక్షుడు ఆయన్ను చూశాడు, మా డ్రైవర్‌ను చూశాడు, మైకు దగ్గరున్న నన్ను చూశాడు.

"మరి గీయనెవలయ్యా?"

నిజం చెబితే మా కంపెనీ పద్ధతి బయటపడుతుంది. ఆ సంస్థ మాకు అన్నిటికంటే పెద్ద గిరాకీ. ఇదంతా నేను తర్వాత కట్టుకున్న కారణం. ఆ క్షణాన నేను ఏమీ ఆలోచించలేదు. వేడి గిన్నె తగిలితే చేయి ఎట్లా వెనక్కి వస్తుందో అట్లా వచ్చింది మాట.

"మా ఆటో డ్రైవర్ సార్. నాకేం తెల్వదు. ఆయనే ఎక్కి కూసున్నట్టున్నడు."

మైకు ఆన్‌లో ఉంది. హాలంతా వినిపించింది.

"తాగిండా ఏంది?" అన్నారు ఎవరో. దానికీ నేను జవాబు చెప్పలేదు.

"శాలువ తీస్కో ముందుగాల" అన్నాడు అధ్యక్షుడు నాతో.

నేను వెళ్ళాను. డ్రైవర్ నాకు ఆ పని కూడా పెట్టలేదు. శాలువా తనే తీసి, దులిపి, పాత మడతల మీదుగానే మళ్ళీ మడిచి నా చేతికిచ్చాడు. స్టేజి దిగి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. మామ అప్పటికే గోనెసంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటుతున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

అదే శాలువా అసలు ఆచార్యుల మీద వేశారు. ఆయన్నూ ఆసనం అడిగారు. చక్కగా శీర్షాసనం వేశారు, చాలాసేపు నిలిచారు. కానీ జనం అంత మెచ్చలేదు. వెనక వరుసలో ఒకామె "ముందటాయనదే మంచిగుండె" అంది.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్ దారంతా ఒక్క మాటే మాట్లాడాడు. "జ్ఞాపికలు పగుల్తయి, పట్టుకో." కోరుట్లలో తాళంచెవి సేటు బల్ల మీద పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఏమైందని సేటు నన్నడిగాడు. జగిత్యాలలో చెప్పిందే చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికగా ఉంది. ఆ తర్వాత నన్ను మేనేజర్ అన్నారు. మేనేజ్ చేయడానికి అక్క ఒక్కతే మిగిలింది, ఆమె నాతో మాట్లాడటం తగ్గించింది.

ఏళ్ళు గడిచాయి. దాచుకున్న పద్ధతి కూడా మెల్లగా అందరికీ తెలిసింది, ఎవరికీ తప్పుగా అనిపించలేదు. ఇప్పుడు ఫోన్ చేసి "రెండు దండలు, ఒక మైకు, ఇద్దరు పెద్దమనుషులు కావాలె" అని వాళ్ళే అడుగుతారు. ఏ పని బయటపడుతుందని భయపడి ఒక మనిషిని స్టేజి మీది నుంచి దించానో, ఆ పని ఈ రోజు మా కంపెనీకి పెద్ద ఆదరువు.

పోయిన ఎండాకాలం శాలువాల కోసం సిరిసిల్ల వెళ్ళినప్పుడు ఒక సాంచాల షెడ్డు ముందు ఆయన కనిపించాడు. బట్ట తానులు ట్రాలీలోకి ఎక్కిస్తున్నాడు. ఇంకా లావయ్యాడు. వారమంతా అక్కడే ఉండి, ఆదివారం ఒక్కరోజు ఇంటికి పోయి వస్తున్నాడట.

"మంచిగున్నవా అన్నా? కూసో, చాయ్ తెప్పిస్త" అన్నాడు.

నేను చాయ్ వచ్చేదాకా ఆగలేదు. తప్పు నాదే అన్నాను. ఎన్నాళ్ళ నుంచో కూడబెట్టిన మాటలన్నీ ఒకేసారి చెప్పేశాను. ఆయన బట్ట తానులు ఎత్తి సర్దుతూనే విన్నాడు.

"నాకు చెప్పుడెందుకన్నా? ఆడ నేనున్న గదా, నాకు తెల్వదా?" అన్నాడు. "ఊళ్ళె ఇప్పటికి పోరగాండ్లు నన్ను సూడంగనే ఒంగుతరు. గది సరే. మా మామ మల్ల మునుపటి లెక్కనే. చెప్తే గాయనకు చెప్పు. చెప్పకున్నా నేనేం అనుకోను."

చివరి మాట నాకు బాగా తగిలింది. ఆ ఆదివారానికి ముందే కథలాపూర్ బస్సెక్కి వాళ్ళ మామ ఊరు వెళ్ళాను.

మామ ముసలివాడయ్యాడు కానీ నన్ను వెంటనే గుర్తుపట్టాడు. వాకిట్లో నిలబెట్టే విన్నాడు. అంతా విని, "ఇంట్ల చెప్తే ఏమొస్తది?" అన్నాడు. "ఇజ్జత్ ఇంట్ల పోలే. హోటల్ కాడ రోజు నవ్వుతరు. ఆడికి నడువు."

ఊరి హోటల్లో మిర్చీలు వేయిస్తున్నారు. బెంచీల మీద ఏడెనిమిది మంది ఉన్నారు. "గీయన కోరుట్ల శాలువల కంపెనీ మేనేజర్. ఏందో చెప్తడట, ఇనుండ్రి" అని మామ నన్ను మధ్యలో నిలబెట్టాడు. నేను జీవితంలో ఎన్నో సభల్లో మాట్లాడాను, అన్నీ లేనిపోని పొగడ్తలు. మొదటిసారి నిజం చెప్పవలసి వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. అయినా చెప్పాను. ఆయన తాగలేదు, ఎక్కించింది నేను, అబద్ధమాడింది నేను.

మిర్చీలు వేసే మనిషి జల్లిగంటె దులిపి, "మంచిగ చెప్పిండు" అన్నాడు. "ఎంతకు మాట్లాడుకున్నవే మామా గీయనను?"

బెంచీలన్నీ నవ్వాయి.

"కిరాయి మనిషి కాదయ్యా నేను" అన్నాను.

"ఆగాగు" అని ఒకాయన లేచి నా మొహం దగ్గరికి వచ్చి చూశాడు. "మొన్న మా కుల సంఘం మీటింగుకు రిటైర్డ్ జడ్జి అని వచ్చింది నువ్వే గదా? మా అందరికి న్యాయం గురించి చెప్తివి!"

నేనే. ఏం చెప్పను?

"గా రోజు గూడ గిట్లనే కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు" అన్నాడు ఆయన అందరితో. "మస్తు చేస్తడు."

మామ మొహం నల్లబడింది. నేను చెప్పిన ప్రతి మాటా ఆయన కొని తెచ్చిన మాట అయిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి, పక్కవాడికిచ్చి "మా అల్లునికి కలుపు" అన్నాడు. స్పీకర్ పెట్టమన్నాడు. అవతల సాంచాల చప్పుడు వినిపించింది.

"హలో, ఎవలు?"

"నేనే."

"మామా? ఏమైంది? పిల్లలకేమన్న అయిందా?" డ్రైవర్ గొంతు అదిరింది. ఆ మామ ఆయనకు ఫోన్ చేయడం అదే మొదటిసారట.

"పిల్లలు మంచిగనే ఉన్నరు. గీ మేనేజర్ వచ్చి, గా రోజు నిన్ను తనే ఎక్కిచ్చిన అంటున్నడు. నిజమేనా?"

సాంచాల చప్పుడు తగ్గింది, డ్రైవర్ షెడ్డు బయటికి వచ్చినట్టున్నాడు.

"నిజమే మామా."

"మరి ఇన్నేండ్లు నోట్లె ఏం పెట్టుకున్నవురా? నాకన్న చెప్పరాదు?"

"నువ్వు అడిగినవా?"

మామ పక్కవాడి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "అడుగలే" అన్నాడు. మళ్ళీ కొంచెం గట్టిగా, బెంచీల మీదున్నవాళ్ళ వైపు తిరిగి, "నేను అడుగలే" అన్నాడు. "ఆదివారం జల్ది రా. పొలం కాడ నీతోని మాట్లాడేదున్నది."

"అస్త మామా."

మిర్చీల మనిషికి ఇంకా అనుమానం తీరలేదు. "మామా, గా గొంతు గూడ వీళ్ళ కంపెనీదే కాదు గదా?" అన్నాడు.

"నా అల్లుని గొంతు నాకు తెల్వదా?" అన్నాడు మామ.

మామ బెంచీ మీద కూర్చుని మిర్చీలు తెమ్మన్నాడు. నన్ను కూర్చోమని ఆయనా అనలేదు, మరెవరూ అనలేదు. నేను బయటికి వచ్చి బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాను.